కాందిశీకులు దాచిన పాటలు

సొంత గడ్డకు దూరంగా ఉన్నవాళ్ళకు పాటలు ఆ గడ్డ నుంచే అందుతాయని మనం సాధారణంగా అనుకుంటాం. సినిమాలు అక్కడ తయారవుతాయి, పాటలు అక్కడ పుడతాయి. ఒకప్పుడు క్యాసెట్లుగా రైలెక్కి వచ్చేవి, ఇప్పుడు ఫోనులోకే వచ్చేస్తున్నాయి. ఏటి నీరు ఎగువ నుంచి దిగువకే కదా పారేది! కాని వియత్నాం విషయంలో ఈ ఏరు కొంతకాలం ఎదురు పారింది. 1975 తర్వాత ఆ దేశంలో గొంతెత్తి పాడడానికి వీల్లేకపోయిన పాటలను, దేశం విడిచిపోయినవాళ్ళు పరాయిచోట్ల ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు పాడుకున్నారు, అమ్ముకున్నారు, చివరికి ఆ దేశానికే తిరిగి అందించారు. రాష్ట్రం వెలుపల తెలుగు మాట్లాడుకునే మనం తెలుసుకోదగిన చరిత్ర ఇది.

వియత్నాం మనకు బొత్తిగా సంబంధం లేని దేశం కాదు. యానాం, పాండిచ్చేరి, సైగాన్ ఒకప్పుడు ఒకే ఫ్రెంచి ప్రభుత్వం కింద ఉండేవి. పాండిచ్చేరి, కారైక్కాల్ ప్రాంతాలవాళ్ళు ఎందరో ఫ్రెంచి కొలువుల్లో చేరి సైగాన్ వెళ్ళారు. నాట్టుకోట్టై చెట్టియార్లు అక్కడ వడ్డీవ్యాపారం చేశారు. దక్షిణ భారతీయులు కట్టుకున్న మారియమ్మన్ గుడి ఇప్పటికీ ఆ నగరం నడిబొడ్డున ఉంది. దియెన్ బియెన్ ఫూ యుద్ధంలో ఓడిన ఫ్రాన్సు ఇండోచైనాను వదులుకున్నదీ, యానాం పాలన భారతదేశం చేతికి వచ్చిందీ 1954లోనే. అయితే ఆ ఏడాది మనకు ఏకం కావడం, వియత్నాంకు రెండు ముక్కలు కావడం.

పసుపు పాట, ఎర్ర పాట

వియత్నామీ భాషలో మాటకు స్వరస్థాయి ప్రాణం. 'మా' అన్న ఒక్క అక్షరాన్ని పలికే తీరును బట్టి దయ్యం, అమ్మ, కానీ, సమాధి, గుర్రం, వరినారు అనే ఆరు అర్థాలు వస్తాయి. ఇటువంటి భాషలో బాణీ మాటను తోసుకుంటూ పోతే అర్థమే మారిపోతుంది. 1930లలో చదువుకున్న యువకులు ఫ్రెంచి పాటల బాణీలకు తమ భాషలో మాటలు కట్టి పాడడం మొదలుపెట్టారు. ఆ తర్వాత తమ మాటల ఎత్తుపల్లాలకు ఒదిగే బాణీలు తామే కట్టుకున్నారు. 1938లో న్గుయెన్ వాన్ తుయెన్ అనే గాయకుడు హనోయిలో ఈ కొత్తపాటలను సభల్లో పాడి వాటిగురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆధునిక వియత్నామీ పాట పుట్టిన సంవత్సరంగా దానినే లెక్కిస్తారు.

1954 జెనీవా ఒప్పందంతో దేశం పదిహేడో అక్షాంశం దగ్గర రెండయింది. ఎనిమిది లక్షలకు పైగా జనం ఉత్తరం నుంచి దక్షిణానికి తరలివచ్చారు. అంటే వలస పాట అనేది 1975లో పుట్టినది కాదు. వదిలి వచ్చిన హనోయిని తలచుకుంటూ పాడే పాటలు సైగాన్‌లో అప్పటికే ఉన్నాయి. అక్కడ పేరు తెచ్చుకున్న ఒక గాయకబృందం పేరు థాంగ్ లాంగ్. అది హనోయి నగరానికి పాతపేరు. ఆ బృందంలోని థాయ్ థాన్ అనే గాయని గొంతు దక్షిణాదిలో ఇంటింటికీ తెలుసు. ఆమె అక్కగారి భర్త ఫామ్ జుయ్ (1921–2013) ఆ తరం వాగ్గేయకారుల్లో అగ్రగణ్యుడు. మొదట ఫ్రెంచివారిపై పోరాటంలో కమ్యూనిస్టులతో కలిసి పాటలు కట్టి, పాట మీద పార్టీ పెత్తనం సహించలేక 1951లో సైగాన్ చేరాడు.

ఉత్తరాన యుద్ధాన్నీ శ్రమనూ కీర్తించే పాటలను 'ఎర్ర సంగీతం' అన్నారు. ప్రేమ, విరహం, వాన, వీడ్కోలు వంటివి వస్తువులుగా గల పాటలకు 'పసుపు సంగీతం' అని పేరు. ఇది చైనా కమ్యూనిస్టుల పరిభాష నుంచి వచ్చిన తిట్టు. మనం శుభకార్యానికి వాడే పసుపు కాదు. చెడిపోయిన, జనాన్ని పాడుచేసే సంగీతమని అర్థం. ఈ పాటలు పాడుకొని ప్రచారం చేశారన్న నేరంపై 1971లో హనోయి న్యాయస్థానం కొందరికి దీర్ఘకాల జైలుశిక్షలు వేసింది. వారిలో ఒకాయన శిక్ష అనుభవించి వచ్చి, తర్వాతి కాలంలో అదే ఊళ్ళో చిన్న కాఫీ హోటలు పెట్టి అవే పాటలు పాడుతూ వచ్చాడు.

దక్షిణాన మాత్రం పసుపు పాటకు పట్టాభిషేకం జరిగింది. లాటిన్ అమెరికాలో పుట్టిన బొలేరో అనే లయ 1950లలో సైగాన్ చేరింది. అక్కడివాళ్ళు దాని నడక తగ్గించి, తమ జానపద బాణీల జీర కలిపి, తమదిగా చేసుకున్నారు. సరిహద్దు కాపలాలో ఉన్న సిపాయి, పేదరికంవల్ల పెళ్ళి కుదరని ప్రేమికులు, రైలుస్టేషనులో విడిపోయేవాళ్ళు ఈ పాటల్లో పాత్రలు. పండితులు చులకనగా చూశారు. రిక్షావాడు మొదలు సైన్యాధికారి వరకు అందరూ పాడుకున్నారు. మరోవైపు త్రిన్ కాంగ్ సాన్ (1939–2001) యుద్ధాన్ని నిరసించే పాటలు రాస్తే ఖాన్ లీ అనే గాయని వాటిని కళాశాలల ఆవరణల్లో పాడింది. యుద్ధం చేయవలసిన ప్రభుత్వానికి ఈ పాటలు రుచించలేదు. వాటిని దక్షిణ ప్రభుత్వమే నిషేధించింది.

ఏప్రిల్ 30

1975 ఏప్రిల్ 30న సైగాన్ ఉత్తరసేనల వశమైంది. ఆ రోజు త్రిన్ కాంగ్ సాన్ సైగాన్ రేడియోకు వెళ్ళి, దేశమంతా చేయీ చేయీ కలిపి ఒక పెద్ద వలయం కావాలన్న భావంతో తాను రాసిన 'నోయ్ వోంగ్ తై లోన్' పాట పాడాడు. ఆయన దేశంలోనే ఉండిపోయాడు. ఆయన పాటలకు గొంతయిన ఖాన్ లీ దేశం విడిచింది. ఫామ్ జుయ్ కూడా వెళ్ళిపోయాడు. రాసినవాడు ఒక గట్టున, పాడిన ఆమె మరో గట్టున మిగిలిన ఈ జంట కథలో వియత్నాం పాట కథ సగం ఉంది.

కొత్త ప్రభుత్వం పాత పుస్తకాలను, రికార్డులను, టేపులను విషసంస్కృతిగా ప్రకటించి పోగుచేసి ధ్వంసం చేసింది. పాటలు కట్టినవాళ్ళలో, పాడినవాళ్ళలో పలువురిని 'పునర్విద్య' శిబిరాలకు పంపింది. జనం తలుపులు వేసుకొని, శబ్దం తగ్గించి, మిగిలిన టేపులు విన్నారు.

ఆ ఏడాదే దాదాపు లక్షా ముప్ఫై వేలమంది అమెరికా చేరారు. కాలిఫోర్నియాలోని పెండిల్టన్ సైనిక స్థావరంలో వాళ్ళకు గుడారాలు వేశారు. 1975లోనే నామ్ లోక్ అనే రచయిత సైగాన్‌కు శాశ్వతంగా వీడ్కోలు చెప్పే పాట ఒకటి కట్టాడు. ప్రవాసంలో పుట్టిన తొలి పాటల్లో అది ముఖ్యమైనది. తర్వాత పడవల వలస మొదలయింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 1975 నుంచి 1995 వరకు సుమారు ఎనిమిది లక్షలమంది పడవల్లో ఏదో ఒక దేశపు గట్టు చేరారు. గట్టు చేరనివారి లెక్క సముద్రానికే తెలుసు.

ఇక్కడ మరొక పాట సంగతి చెప్పాలి. వియత్ జుంగ్ (1958–2013) అనే యువకుడు 1970ల చివర 'స్వదేశానికి చిన్న కానుక' అనే అర్థం వచ్చే పాట రాశాడు. ఇంటికి పంపే పార్సెలులో ఎవరికి ఏం పెడుతున్నదీ చెప్పే పాట అది. సిగరెట్లు, సూదులు, గుడ్డ వంటి చిన్న చిన్న వస్తువుల జాబితా. బ్యాంకులో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు ఈ పాట ఒక ఆర్థికచరిత్ర పుటలా కనిపిస్తుంది. అమెరికా ఆంక్షలవల్ల తిన్నగా డబ్బు పంపడం కష్టం. అందుకని ప్రవాసులు మందులూ గుడ్డలూ పార్సెలు చేసి పంపితే, అక్కడి కుటుంబాలు కొంత వాడుకొని మిగతాది బజారులో అమ్మి బియ్యం కొనుక్కునేవి. మనియార్డరు ఫారం అడుగున నాలుగు మాటలు రాసుకునే చోటు ఒకటి ఉండేదని మనలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వియత్నాం ప్రవాసులకు పాట అటువంటి చోటు.

వీడియో కొట్టులో దేశం

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో, వెస్ట్‌మినిస్టర్ పట్టణంలో, బోల్సా అవెన్యూ అనే వీధి వెంట వియత్నామీల దుకాణాలు వెలిశాయి. 1988లో ఆ ప్రాంతానికి 'లిటిల్ సైగాన్' అన్న పేరును రాష్ట్రప్రభుత్వం గుర్తించింది. అసలు సైగాన్ పేరు 1976లోనే హో చి మిన్ నగరంగా మారిపోయింది. ప్రవాసులు మాత్రం ఊరి పేరును కూడా దాచుకున్నారు. ఆ వీధిలో నూడుల్స్ హోటళ్ళతో పాటు క్యాసెట్ల కొట్లు పుట్టుకొచ్చాయి. 1975కు ముందు సైగాన్‌లో వెలువడిన టేపులకు నకళ్ళు తీసి అమ్మడంతో మొదలై, త్వరలోనే కొత్త రికార్డింగుల దాకా వెళ్ళింది ఈ వ్యాపారం.

ఈ వ్యాపారంలో పెద్దపేరు తుయ్ న్గా సంస్థది. దాన్ని స్థాపించిన తో వాన్ లాయ్ సైగాన్‌లో తత్వశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. 1976లో ఫ్రాన్సు చేరి, 1983లో 'పారిస్ బై నైట్' అనే సంగీత కార్యక్రమాన్ని వీడియో టేపుగా విడుదల చేశాడు. తర్వాత సంస్థ కాలిఫోర్నియాకు మారింది. అటువంటిదే ఏషియా అనే మరో సంస్థ ఆరెంజ్ కౌంటీలోనే వెలిసింది. 'పారిస్ బై నైట్' ఇప్పటికి 130కి పైగా సంచికలు వెలువడింది. పాత పాటలు, కొత్త పాటలు, నాటిక, హాస్యం, సంప్రదాయ దుస్తుల ప్రదర్శన, మధ్యమధ్య వ్యాఖ్యాతల సంభాషణ కలిసి ఒక్కో కార్యక్రమం గంటల తరబడి సాగుతుంది. సిడ్నీలో, పారిస్‌లో, హ్యూస్టన్‌లో, టొరంటోలో ఉన్న కుటుంబాలు ఒకే టేపు చూసేవి. ఒక దేశానికి దూరదర్శన్ ఎటువంటిదో, దేశం లేని ఆ జనానికి ఈ వీడియో అటువంటిది.

ఆ వ్యాఖ్యాతల్లో న్గుయెన్ న్గోక్ న్గాన్ అనే రచయిత ఉన్నాడు. శిబిరంలో సుమారు మూడేళ్ళు గడిపి, 1978లో పడవలో తప్పించుకొని వస్తూంటే మలేషియా తీరం దగ్గర పడవ మునిగి భార్యనూ బిడ్డనూ పోగొట్టుకున్న మనిషి. 1992 నుంచి దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆయన ఆ వేదికమీద నిలబడి జనాన్ని నవ్వించాడు. ప్రతి పాటకు ముందు దాని పుట్టుక, రాసినవాడి వివరాలు చెప్పేవాడు. పరాయి దేశంలో పుట్టి, మాతృభాష సగమే వచ్చిన పిల్లలకు అదే చరిత్ర పాఠం.

ఆ పిల్లలు పాత పాటలతోనే సరిపెట్టుకున్నారని కాదు. 1980లలో వాళ్ళు యూరోపు డిస్కో బాణీలకు వియత్నామీ మాటలు కలిపి 'న్యూవేవ్' అన్నారు. లిండా ట్రాంగ్ దాయ్ అనే గాయని తన ఆటపాటలతో వియత్నాం మడోన్నా అనిపించుకుంది. పెద్దలు ముఖం చిట్లించారు. అయినా ఒకే టేపులో తాతగారి విరహగీతమూ, మనమరాలి నృత్యగీతమూ పక్కపక్కనే ఉండేవి. తాతగారి పాట కోసం టేపు పెట్టిన ఇంట్లో మనమరాలి పాట అందరూ విన్నారు, మనమరాలి పాట కోసం పెట్టినప్పుడు తాతగారి పాట అందరి చెవినా పడింది.

దొంగదారిన ఇల్లు చేరడం

1986లో వియత్నాం 'దోయ్ మోయ్' పేరిట ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టింది. ప్రవాసులు బంధువులను చూడడానికి రావడం పెరిగింది. వాళ్ళ పెట్టెల్లో క్యాసెట్లు, వీడియోలు వచ్చాయి. అవి అధికారికంగా నిషిద్ధమే. అయినా ఒక్క టేపు వస్తే దానికి వందల నకళ్ళు బజారులో దొరికేవి. 1994లో అమెరికా ఆంక్షలు తొలగి, 1995లో దౌత్యసంబంధాలు ఏర్పడేసరికి ప్రవాస గాయకుల పేర్లు స్వదేశంలో ఇంటింటికీ తెలుసు. పాటలకోసం ప్రాణాలు అరచేత పెట్టుకొని పోయినవాళ్ళు కారు వాళ్ళు. బతకడానికి పోయారు, పాటలు వెంట వెళ్ళాయి. కాని ఆ పాటలు బతికి తిరిగిరావడానికి వాళ్ళు పోవడమే కారణమయింది.

దీనికి మరో పక్క కూడా చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. పాటను కాపాడిన ప్రవాసులే పాటకు కాపలాదారులు కూడా అయ్యారు. 1997లో అమ్మ ఇతివృత్తంగా వచ్చిన 'పారిస్ బై నైట్' నలభయ్యో సంచికలో ఒక పాటకు చూపిన యుద్ధదృశ్యాలు దక్షిణసైన్యాన్ని అవమానించాయని మాజీ సైనికులు భగ్గుమన్నారు. టేపులు బహిష్కరించారు. సంస్థ క్షమాపణ చెప్పుకొని ఆ దృశ్యాలు తొలగించవలసి వచ్చింది. 1999లో లిటిల్ సైగాన్‌లో ఒక వీడియో కొట్టు యజమాని తన దుకాణంలో హో చి మిన్ పటం, కమ్యూనిస్టు వియత్నాం జెండా పెడితే వారాల తరబడి వేలమంది ఆ కొట్టు ముందు నిరసన తెలిపారు. చివరికి అతనిమీద దొంగ వీడియోల కేసు రుజువయింది. 2010లో స్వదేశం నుంచి వచ్చిన దామ్ విన్ హుంగ్ అనే ప్రసిద్ధ గాయకుడు కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో పాడుతూంటే, ఆడవేషంలో వచ్చిన ఒక నిరసనకారుడు ముఖాన మిరియాల ద్రావకం చల్లాడు. ఇక్కడి గాయకుడు అక్కడ పాడితే ద్రోహం, అక్కడి గాయకుడు ఇక్కడ పాడితే దురాక్రమణ! పాట రెండు జెండాల మధ్య నలిగిపోయింది.

తలుపు కొంచెం కొంచెంగా

2004లో వియత్నాం కమ్యూనిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో 36వ తీర్మానం చేసింది. విదేశాల్లోని వియత్నామీలు జాతిలో విడదీయరాని భాగమని అది ప్రకటించింది. మరుసటి ఏడాది ఫామ్ జుయ్ ఎనభై మూడేళ్ళ వయసులో శాశ్వతంగా స్వదేశం చేరాడు. ప్రవాసుల్లో కొందరు ఆయన్ను ద్రోహి అన్నారు. ప్రభుత్వమేమో ఆయన పాటలను లెక్కపెట్టి కొద్దికొద్దిగా విడుదల చేసింది. సుమారు వెయ్యి పాటలు కట్టిన మనిషి. 2013లో హో చి మిన్ నగరంలో కన్నుమూసేనాటికి వాటిలో కొద్దిభాగానికే అనుమతి దొరికింది.

2011లో చే లిన్ హనోయిలో పాడాడు. ఆయన చామ్ జాతివాడు. ఒకప్పుడు మీ సాన్ లోయలో శివాలయాలు కట్టిన చంపా రాజ్యపు ప్రజల సంతతి వారు చామ్‌లు. ఇంట్లో చామ్ భాష ఉన్న అల్పసంఖ్యాకుడు వియత్నామీ బొలేరోకు నాయకులలో ఒకడై, 1980లో దేశం విడిచి టొరంటో చేరి, ముప్ఫై ఏళ్ళ తర్వాత పసుపు పాటకు శిక్షలు వేసిన ఊళ్ళోనే పసుపు పాట పాడాడన్నమాట. 2014 మేలో ఖాన్ లీ కూడా హనోయి వేదికమీద త్రిన్ కాంగ్ సాన్ పాటలు పాడింది. రాసినవాడు పోయి అప్పటికి పదమూడేళ్ళు.

ఆ 2014లోనే విన్ లాంగ్ రాష్ట్రపు టెలివిజన్ బొలేరో పాటల పోటీ మొదలుపెట్టింది. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు పోటీపడి పాడారు. అయినా ఆఫీసు మాత్రం ఆఫీసే. 1975కు ముందటి దక్షిణాది పాట పాడాలంటే ఒక్కొక్క పాటకూ అనుమతి ఉండాలి. 2017 మార్చిలో ఐదు పాటలను హఠాత్తుగా నిలిపివేసి, గొడవ కాగానే ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. ఆ సందర్భంలోనే మరో సంగతి బయటపడింది. సైగాన్ పడిన రోజున రేడియోలో మోగిన 'నోయ్ వోంగ్ తై లోన్' పాటకు నలభై రెండేళ్ళుగా అనుమతిపత్రమే లేదట! హడావిడిగా మంజూరు చేశారు. ఫైలు లేని వస్తువు లేనట్టేనన్న కార్యాలయ న్యాయం బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళకు కొత్త కాదు. పాత పాటలకు ఈ అనుమతి పద్ధతిని 2020 డిసెంబరులో వెలువడి 2021 ఫిబ్రవరిలో అమలుకు వచ్చిన ఉత్తర్వుతో ఎత్తివేశారు. అయినా 2022లో ఖాన్ లీ దలాత్ పట్టణంలో 'అమ్మ ఇచ్చిన ఆస్తి' అనే అర్థం గల పాట పాడితే అధికారులు విచారణకు దిగారు. ఆ పాట యుద్ధాన్ని అన్నదమ్ముల పోరుగా చెబుతుంది. దాన్ని విముక్తిపోరాటంగా చెప్పే ప్రభుత్వానికి ఆ ఒక్క మాట ముల్లు.

దాచడమూ, వాడడమూ

బ్యాంకుల్లో 'సేఫ్ కస్టడీ' అని ఒక ఏర్పాటు ఉంది. ఖాతాదారు ఇచ్చిన పెట్టెను సీలు విప్పకుండా దాచి, అడిగినప్పుడు ఇచ్చేయాలి. లోపలి వస్తువు పెరగదు, తరగదు. ప్రవాసులు తమ పాటలను ఇలాగే దాచారని చాలామంది రాస్తారు. కొంతవరకు నిజం. 1975 నాటి మాటలు, ఉచ్చారణ, ఊరిపేర్లు వాళ్ళ దగ్గర అలాగే నిలిచాయి. స్వదేశంలో భాష కొత్త మాటలతో ముందుకు పోయింది. కాని సీలు విప్పని పాట ముప్ఫై ఏళ్ళు బతకదు. పెళ్ళిలో, హోటల్లో, ఇంటి ముందుగదిలో రోజూ వాడకంలో ఉన్నందువల్లే అది బతికింది. తోడుగా డిస్కో వచ్చినా, హాస్యనాటిక వచ్చినా, దాని మర్యాద తగ్గలేదు.

మరొక సంగతి గమనించాలి. ఈ పాటల వెనుక ఏ ప్రభుత్వమూ లేదు, అకాడమీ లేదు, గ్రాంటు లేదు. పగలంతా కార్ఖానాలో, దర్జీపనిలో, గోళ్ళు దిద్దే దుకాణాల్లో కష్టపడినవాళ్ళు తమ జీతంలోంచి ఒక టేపు ఖరీదు తీసి పక్కన పెట్టారు. దొంగ నకళ్ళు చవకగా దొరికినా అసలు టేపు కొన్నవాళ్ళు ఉన్నారు కనుకనే మరో టేపు తయారయింది. భాషకు దూరంగా బతికేవాళ్ళ చేతిలో ఉన్న అధికారం అంతే. అది చిన్నదేమీ కాదు.

2025 ఏప్రిల్‌తో సైగాన్ పతనానికి యాభై ఏళ్ళు నిండాయి. గత పదేళ్ళకు పైగా ప్రవాసులు స్వదేశానికి ఏటా పంపుతున్న సొమ్ము వెయ్యి కోట్ల డాలర్లు దాటుతోంది. దాన్ని ప్రభుత్వాలు లెక్క రాసుకుంటాయి. పాటల రూపంలో పంపిన సొమ్ముకు మాత్రం ఏ ఖాతాలోనూ పద్దు లేదు. ఈనాడు హో చి మిన్ నగరంలో ఏదో వీధి చివర, చక్రాల లౌడుస్పీకరు తోసుకుంటూ బొలేరో పాడే కుర్రవాడికి ఆ పాట ఏ దారిన తన దగ్గరికి వచ్చిందో తెలియకపోవచ్చు. అతను పాడుతున్నాడు, దారినపోయేవాళ్ళు ఆగి వింటున్నారు. పద్దు సరిపోయినట్టే.